చివరి మడికి నీరు

ఆరోగ్యవిద్య నేర్పు కళాశాలకు మీరెప్పుడైన పోయినయెడల గోడమీద ఒక పలక చూచియుందురు. ఆ కళాశాల ధ్యేయములు, విలువలు దానిమీద అందమైన అక్షరములతో వ్రాసియుండును. కరుణ, నిజాయితీ, శ్రేష్ఠత, సేవ, పరిశోధన అనునవి అందులోని మాటలు. ఆ పలక ప్రక్కనుండి విద్యార్థులు నడిచిపోవుచుందురు; రోగులును వారి బంధువులును నడిచిపోవుచుందురు. నిలిచి చదువువారు కొద్దిమంది. చదివినవారును మంచి మాటలే గదా అని ముందునకు సాగిపోవుదురు. మంచి మాటలకు వచ్చిన కష్టమే అది. వాటిని కాదనువారు లేరు గనుక విచారించువారును లేరు. ఈ మాసము మనము ఆ పలక యెదుట కొంచెముసేపు నిలుచుందము. ఆరోగ్యవృత్తులను నేర్పు కళాశాల యెందుకున్నది? అది యెవరికొరకున్నది? దాని ధ్యేయము నెరవేరినదో లేదో మనకెట్లు తెలియును?

ఇవి వైద్యులును ఆచార్యులును తేల్చుకొనవలసిన ప్రశ్నలు, మనకేల అని మీరనవచ్చును. కాని చూడుడు. మన బుచ్చిరెడ్డిపాలెమునకు నెల్లూరు ఎంతో దూరము కాదు. అక్కడ 2014లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్యకళాశాల ఉన్నది. ప్రైవేటు వైద్యకళాశాలయు నర్సింగు కళాశాలలును ఉన్నవి. మన వీధిలో ఒక యింటినుండి విద్యార్థి అక్కడకు పోవుచున్నాడు. ప్రక్క యింటినుండి రోగి పోవుచున్నాడు. ఒకరు పుస్తకములు పట్టుకొని, ఒకరు చీటి పట్టుకొని ఒకే బస్సు ఎక్కుచున్నారు. కాబట్టి ఈ ప్రశ్న మన వీధి ప్రశ్నయే, మన యింటి ప్రశ్నయే.

మన ఊరివారికి కనిగిరి చెరువును గూర్చి చెప్పనక్కరలేదు. సంగము ఆనకట్టయొద్దనుండి పెన్న నీరు కాలువలో వచ్చి ఆ చెరువును నింపును. చెరువునుండి తూములగుండ కాలువలకు, కాలువలనుండి మళ్లకు నీరు పారును. చెరువు నిండినదన్న వార్త వినగానే పై మడుల రైతు నారు పోయుటకు సిద్ధపడును. కాని ఆయకట్టు చివరనున్న రైతు అంత తొందరగా సంతోషింపడు. నీరు నా మడిలో పడిననాడు చూతము అనుకొనును. చెరువు లోతెంత, కట్ట యెంత గట్టిది, తూములు బాగుగా ఉన్నవా అనునవి అనవసరపు ప్రశ్నలు కావు. కట్ట తెగిన చెరువు చివరి మడికే గాదు, మొదటి మడికిని పనికిరాదు. అయినను చెరువు త్రవ్వినది లోతు కొరకు కాదు, పంట కొరకు. నీరు చివరి మడిని తడిపెనా అనునదే ఆ చెరువునకు తుది పరీక్ష.

ఆరోగ్యకళాశాలను గూర్చియు ఇట్లే విచారింపవలెను. ఎన్ని సీట్లు, ఎంతమంది ఆచార్యులు, ఎన్ని యంత్రములు, నూటికి ఎందరు ఉత్తీర్ణులైరి అనునవి చెరువు లోతును కొలుచు కొలతలు. అవి కావలసినవే. కాని ధ్యేయము వాటిలో లేదు.

తక్కిన విద్యలకును ఈ విద్యకును ఒక భేదము కలదు. లెక్కలు నేర్చుకొనువాడు తప్పు చేసిన కాగితము చింపి మరల వ్రాయవచ్చును. నేర్చుకొనువానికిని నేర్పువానికిని నడుమ మూడవ మనిషి అక్కరలేదు. ఆరోగ్యవిద్యలో మూడవ మనిషి తప్పనిసరి. అతడే రోగి. అతడు లేక పాఠము లేదు. మొదటి సంవత్సరపు విద్యార్థి శరీరనిర్మాణమును నేర్చుకొనుటకు ఎవరో తమ మృతదేహమును ఇచ్చియున్నారు. తరువాత సూది వేయుట, నాడి చూచుట, గుండె చప్పుడు వినుట, కాన్పు చేయుట అన్నియు ఎవరో ఒకరి శరీరముమీదనే నేర్చుకొనవలెను. ఆ ఎవరో ఎవరు? చాలవరకు ప్రభుత్వపు వార్డులో పడియున్న పేదవారు. కూలిపని చేయు స్త్రీ, చేపలు పట్టువాడు, రిక్షా త్రొక్కిన ముసలివాడు. పదిమంది విద్యార్థులు తన పొట్ట తడిమి చూచుచుండగా సిగ్గును నొప్పిని ఓర్చుకొని పడుకొన్న ఆ తల్లికి అక్షరములు రాకపోవచ్చును. ఆమెయే ఆ పదిమందికి గురువు.

చదువరీ, దీనిని మరువవద్దు. కళాశాలకు కట్టిన రుసుము ఎంత గొప్పదైనను అది భవనమునకును జీతములకును సరిపోవును. ఆ తల్లికి చెల్లవలసినది అందులో లేదు. ఆమె బాకీ రూపాయలలో తీరునది కాదు, ఆమె పేర వ్రాసిన లెక్కయు లేదు. ఆమె వంటి మరియొకరికి మేలు చేయుటవలననే అది తీరును. ఆరోగ్యకళాశాలలో సేవ అను మాట దయగలవారు అదనముగా చేర్చుకొను అలంకారము కాదు. అది అప్పు తీర్చుట. ఈ సంగతి తెలిసిన విద్యార్థి రోగిని చూచు చూపు వేరుగా ఉండును.

ఇప్పుడు చరిత్రలోనికి కొంచెము చూతము. 1883లో అన్నా శారా కుగ్లరు అను వైద్యురాలు గుంటూరునకు వచ్చెను. ఆమె 1879లో ఫిలడెల్ఫియా పట్టణములోని స్త్రీల వైద్యకళాశాలలో పట్టము పొందినది. ఆమెను పంపిన లూథరను సంఘము అప్పటికి వైద్యపని ఆరంభించుటకు సిద్ధముగా లేదు గనుక ఆమెకు బడిపనిని, ఇండ్లలో స్త్రీలకు బోధించు పనిని అప్పగించెను. కాని వైద్యురాలు ఊరిలో ఉన్నదని తెలిసిన తరువాత రోగులు ఊరకుందురా? చిన్న గదిలో మొదలైన ఆ పని పెరిగి 1898లో ఆసుపత్రియయ్యెను. ఆమె 1930లో గుంటూరులోనే కన్నుమూసెను. ఆ ఆసుపత్రికి ఆమె పేరు నిలిచినది. అక్కడ మొదట వచ్చినది భవనము కాదు, రోగి. రోగి వచ్చి తలుపు తట్టగా ఆసుపత్రి లేచెను.

వేలూరు సంగతియు అట్టిదే. ఐడా స్కడ్డరు 1870లో రాణిపేటలో పుట్టినది. ఆమె తండ్రి వైద్యుడు. 1890వ దశకములో ఒక రాత్రి తిండివనములో ముగ్గురు పురుషులు, ఒకరి వెనుక ఒకరు, వేరువేరు కులమతములవారు, ఆ యింటికి వచ్చిరి. ముగ్గురి భార్యలును కాన్పు కష్టములో ఉండిరి. మీరు రండి అని వారు ఐడాను వేడుకొనిరి. నేను వైద్యురాలను కాను, మా తండ్రిగారు వత్తురు అని ఆమె చెప్పెను. పరపురుషుడు మా స్త్రీని ముట్టరాదని వారు వెనుకకు మరలిపోయిరి. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును మరణించిరి.

ఈ కథను మనవారు చాలసార్లు చెప్పుకొందురు. సాధారణముగా పిలుపును గూర్చిన కథగా చెప్పుకొందురు. కాని మన ప్రశ్నకు పనికివచ్చు సంగతి మరియొకటి ఇందులో ఉన్నది. ఆ రాత్రి ఆ యింటిలో ఏమి కొదువ? తండ్రిలో విద్య కొదువ లేదు. కుమార్తెలో జాలి కొదువ లేదు. ఆ గుమ్మములు దాటగలిగిన మనిషియు ఉన్నది, ఆ కాన్పులు చేయగలిగిన మనిషియు ఉన్నాడు. కాని ఆ రెండును ఒక్క మనిషిలో లేవు. విద్య ఒక గదిలో, దారి తెరువబడిన చేయి మరియొక గదిలో ఉన్నందున మూడు ప్రాణములు పోయినవి. విద్యను, దయను, రోగి గుమ్మము దాటు అర్హతను ఒకే మనిషిలో కూర్చుటకే ఆరోగ్యకళాశాల పుట్టినది. దీనికంటె స్పష్టమైన ధ్యేయవాక్యము నాకు తోచదు.

ఐడా అమెరికాకు పోయి 1899లో కోర్నెల్ వైద్యకళాశాలలో పట్టము పొంది, 1900లో తిరిగివచ్చెను. 1902లో వేలూరులో ఆసుపత్రి తెరచెను. ఎంత పనిచేసినను ఒక్క మనిషికి రెండే చేతులని ఆమెకు తెలిసెను. అందుచేత 1909లో నర్సులకు బడి, 1918లో స్త్రీలకు వైద్యపాఠశాల ఆరంభించెను. 1922లో మొదటి తరగతినుండి 14 మంది స్త్రీలు అర్హత పొంది బయటికి వచ్చిరి. 1947లో పురుషులను చేర్చుకొనిరి. ఈ నాటికిని మన జిల్లానుండి, చిత్తూరు, కడప జిల్లాలనుండి ఎందరో రోగులు వేలూరు రైలు, వేలూరు బస్సు ఎక్కుచున్నారు. సేవ చేయించుకొనుటకు కాక చేయుటకే వచ్చిన ప్రభువు మాటనుండి ఆ కళాశాల తన ధ్యేయమును తీసికొన్నది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వచ్చును. మంచితనము బడిలో నేర్పునది కాదు, అది తల్లి యొడిలో రావలెను. కళాశాల పని విద్య నేర్పుటయే, తక్కినది ఇంటివారు చూచుకొందురు అని పెద్దలు కొందరందురు. ఇందులో సగము నిజము కలదు. ఇరువది యేండ్లవరకు అబద్ధమాడుటకు అలవాటుపడినవాడు ఒక్క ఉపన్యాసము విని మారునని నేనును అనను. కాని ఈ ఆక్షేపణ విద్య వేరు, నీతి వేరు అని తలంచుచున్నది. వైద్యములో అవి వేరు కావు.

వియన్నా పట్టణపు కథ వినుడు. 1847లో అక్కడి పెద్ద కాన్పుల ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అను వైద్యుడుండెను. ఆ ఆసుపత్రిలో రెండు విభాగములుండెను. ఒకదానిలో వైద్యవిద్యార్థులు నేర్చుకొనుచుండిరి, రెండవదానిలో మంత్రసానులు. వైద్యులున్న విభాగములోనే బాలింతలు సూతికాజ్వరముతో ఎక్కువగా మరణించుచుండిరి. 1846లో నూటికి పదిమందికి పైగా పోయిరి. వైద్యులును విద్యార్థులును శవములను కోసి పరీక్షించి, ఆ చేతులతోనే బాలింతలను ముట్టుటవలన ఈ మరణములు కలుగుచున్నవని ఆయన గ్రహించెను. క్లోరినుగల సున్నపు నీటితో చేతులు కడుగుకొని రావలెనని నియమము పెట్టెను. 1848లో మరణములు నూటికి రెండుకంటె తక్కువకు దిగినవి. అయినను చాలమంది వైద్యులు ఆయన మాట నమ్మలేదు. పెద్దమనుష్యుల చేతులు మైలయైనవని చెప్పుట వారికి కష్టముగా తోచెను.

ఆ వైద్యులు క్రూరులు కారు. ఆ తల్లుల మరణమునకు దుఃఖించినవారే. వారి దయకు జ్ఞానము చాలలేదు. జ్ఞానము చూపబడినప్పుడు వారికి వినయము చాలలేదు. చేతులు కడుగుకొనుట విద్యయా? నీతియా? చెప్పుడు. అది రెండును. అర్ధరాత్రి, ఎవరును చూడని వేళ, ఎనిమిదవ రోగి యొద్దనుండి తొమ్మిదవ రోగి యొద్దకు పోవు నర్సు మరల చేతులు కడుగుకొనునప్పుడు ఆమె చదువును ఆమె శీలమును ఒకే కుళాయి క్రింద ఉన్నవి. పనిని సరిగా చేయుటయే ఇక్కడ ప్రేమకు మొదటి రూపము. తెలియకయే మందు వ్రాయు దయాళువుకంటె, తెలియదని ఒప్పుకొని తెలిసినవాని యొద్దకు పంపు వైద్యుడు రోగికి ఎక్కువ మేలు చేయును. అందుచేతనే శ్రేష్ఠత అను మాటను ధ్యేయముల పలకనుండి తీసివేయరాదు. కాని అది ఎవరి శ్రేష్ఠత అని అడుగవలెను. పతకము పొందిన విద్యార్థి శ్రేష్ఠతయా, స్వస్థత పొందిన రోగికి దక్కిన శ్రేష్ఠతయా?

2019లో దేశమంతట వైద్యవిద్య పాఠ్యక్రమమును మార్చినప్పుడు వైఖరి, నీతి, సంభాషణ అనువాటిని పాఠములుగా చేర్చిరి. ఇది మంచిదే. అయినను పాఠములో చెప్పినది ఒక గంట, వార్డులో చూచినది అయిదేండ్లు. పెద్ద వైద్యుడు మంచము యొద్దకు వచ్చి, ఏమి రమణమ్మా, రాత్రి నిద్ర పట్టినదా అని అడిగినయెడల, వెనుక నిలిచిన విద్యార్థులందరును ఒక పాఠము నేర్చుకొందురు. పన్నెండవ నంబరు పడక, కాలేయము కేసు అని చెప్పి ముందునకు పోయినయెడల అప్పుడును ఒక పాఠము నేర్చుకొందురు. రెండవ పాఠమునకు పుస్తకము అక్కరలేదు, పరీక్ష అక్కరలేదు. అయినను ఎవరును దానిలో తప్పరు. కళాశాల విలువలు గోడమీద ఉండవు. గురువు నడతలో ఉండును.

భాషను గూర్చియు ఒక మాట. మన పిల్లలు ఇంగ్లీషులో చదువుచున్నారు. రోగి తెలుగులో బాధపడుచున్నాడు. గుండెల్లో బరువుగా ఉంది, ఒళ్లంతా లాగేస్తోంది, కడుపులో దేవినట్టుంది, కళ్లు బైర్లు కమ్ముతున్నాయి అని మన ముసలమ్మ చెప్పు మాటలు ఏ పాఠ్యపుస్తకములో ఉన్నవి? ఆ మాటలలోనే ఆమె రోగము దాగియున్నది. వాటిని ఓపికతో వినుట నేర్వనివాడు రోగనిర్ణయములోనే సగము పోగొట్టుకొనును. ఏ రోగమో, ఏ మందో, ఎన్నాళ్లో ఆమెకు ఆమె మాటలలో చెప్పి పంపని వైద్యము సగము వైద్యమే.

రెండవ ఆక్షేపణ డబ్బును గూర్చినది. దీనిని తేలికగా తీసివేయుట న్యాయము కాదు. మన ప్రాంతములో ఒక తండ్రిని ఊహించుకొనుడు. రెండెకరముల మాగాణి అమ్మి, చాలక బ్యాంకులో అప్పు తెచ్చి, కుమార్తెకు సీటు సంపాదించినాడు. ఆ పిల్ల పట్టము పుచ్చుకొన్న మరుదినమునుండి వడ్డీ అడుగుచుండును. ఆమెతో మనము పోయి, అమ్మా, పేదలకు సేవ చేయుము అని ప్రసంగించినయెడల ఆమె ఏమనును? సేవ చేయుదును, కాని మా నాయన పొలము ఎవరు విడిపింతురు అనును. ఆమె మాటలో స్వార్థము లేదు. తండ్రియెడల కర్తవ్యము ఉన్నది.

కాబట్టి త్యాగమును విద్యార్థి ఒక్కడి తలమీద పెట్టి, తక్కినవారు చేతులు దులుపుకొనుట మోసము. రుసుము నిర్ణయించువారు ఆ విద్యార్థి ముందు ముందు ఎవరికి వైద్యము చేయగలడో కూడ నిర్ణయించుచున్నారు. కాలువకు మొదటనే గండి పడినయెడల చివరి మడి యెండిపోయినందుకు కాలువను నిందించి ఏమి లాభము? వేలూరు కళాశాలలో సంఘములు విద్యార్థులను ఎన్నుకొని పంపుటయు, చదువైన తరువాత వారు కొంతకాలము అవసరమున్న ఆసుపత్రులలో పనిచేయుటయు ఆచారముగా నిలిచినది. అక్కడ ఖర్చును సేవయు ఒకే ఒప్పందములో ఉన్నవి. ఒకరు భారము మోసినందున మరియొకరు సేవ చేయగలుగుచున్నారు.

మన భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలంచుకొనుడు. ఆయన సోదరులు సంగ్రహణి వంటి వ్యాధితో మరణించిరి. మద్రాసులో వైద్యము చదివి, అమెరికా చేరెను. ఆ ప్రయాణమునకు ఆయన మామగారును కాకినాడ సత్యలింగ నాయకరు ధర్మసంస్థయు సహాయము చేసిరి. తరువాత ఫోలిక్ ఆమ్లమును తయారుచేయుటలో, బోదకాలు వ్యాధికి నేటికిని వాడుచున్న మందు కనుగొనుటలో ఆయనయు ఆయన తోడివారును చేసిన పని లోకమంతటికి ఉపయోగపడినది. 1948లో ఆయన మరణించెను. ఆయన చదువునకు ఇచ్చిన ధర్మము తిరిగి కాకినాడకు వడ్డీతో రాలేదు. పేరు తెలియని వేలకొలది రోగుల యిండ్లకు పోయినది. అది నష్టమా? మనము పిల్లల చదువును గూర్చి మాటలాడు మాట మార్చుకొనవలెను. ఇంత పెట్టినాము, ఎంత రాబట్టవలెను అను మాట చిన్ననాటినుండి విన్న పిల్లకు రోగి మనిషిగా కనబడుట కష్టము, రాబడిగా కనబడును.

జీతము తీసికొనుట పాపము కాదు. మంచి సమరయుని కథను మీరు చిన్ననాటనుండి ఎరుగుదురు. దానిలో ఒకనిని మనము మరచిపోవుచుందుము. అతడు పూటకూళ్లవాడు. సమరయుడు గాయపడినవాని కట్లు కట్టి, తన వాహనముమీద తెచ్చి, పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చి అప్పగించి, మరి ఖర్చైనయెడల మరల వచ్చునప్పుడు తీర్చెదనని చెప్పిపోయెను. రాత్రులు మేలుకొని ఆ రోగిని కనిపెట్టినవాడు, గంజి కాచి పోసినవాడు, కట్లు మార్చినవాడు ఆ పూటకూళ్లవాడే అయియుండవలెను. అతడు కూలి పుచ్చుకొన్నాడు. సమరయుడు అతనిని నమ్మగలిగెను. ఆరోగ్యవృత్తిలోనున్నవారిలో చాలమంది సమరయులు కారు, పూటకూళ్లవారు. కూలి పుచ్చుకొందురు; అప్పగింపబడినవానిని అమ్ముకొనరు. అప్పగించినవాడు కనబడకపోయినను ఖర్చు ఎక్కువ వేసి చూపరు. అంతమాత్రము నమ్మకస్థులను తయారుచేసిన కళాశాల తన ధ్యేయములో చాలభాగము నెరవేర్చినట్లే.

మరియొక సంగతి. ఆరోగ్యవృత్తులు అన్నప్పుడు మన మనస్సులో వైద్యుడొక్కడే నిలుచును. 1986లో మన రాష్ట్రములో స్థాపించి, విజయవాడలో నెలకొల్పిన ఆరోగ్యవిశ్వవిద్యాలయమునకు అనుబంధమైన కళాశాలలలో వైద్యముతోపాటు దంతవైద్యము, నర్సింగు, ఆయుర్వేదము, హోమియోపతి, ఫిజియోథెరపి మొదలైనవి నేర్పుచున్నారు. రక్తము పరీక్షించువారు, ఎక్స్‌రే తీయువారు మొదలైనవారి వృత్తులకు 2021లో పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసినది. ఇందరు కలిసినగాని ఒక రోగి లేచి నడువడు. పరీక్షశాలలో సీసాలమీద పేర్లు తారుమారైనయెడల ఎంత గొప్ప వైద్యుడైనను తప్పుదారి పట్టును. వేలూరులో వైద్యపాఠశాలకు తొమ్మిదేండ్లు ముందుగానే నర్సుల బడి పుట్టినదని పైన చెప్పితిని. అది ఆలోచింపవలసిన క్రమము.

ఒకప్పుడు మన సమాజములో నర్సుపనిని నీచముగా చూచిరి. పరులను ముట్టి, మలమూత్రములు ఎత్తి శుభ్రపరచుట గౌరవమైన కుటుంబముల పిల్లలకు తగదనిరి. అప్పుడు ఆ పనికి ముందునకు వచ్చినవారిలో మన క్రైస్తవ స్త్రీలు ఎందరో ఉండిరి. వారిలో చాలమంది లోకము చిన్నచూపు చూచిన కుటుంబములనుండి వచ్చినవారు. ముట్టరానివారని తాము పిలువబడినవారే ఎవరును ముట్టని రోగులను ముట్టి బాగుచేసిరి. నర్సును పనిమనిషిగా చూచుట వైద్యవిద్యార్థికి అలవాటైనయెడల ఆ కళాశాల ఎన్ని పతకములు గెలిచినను ఓడినట్లే. అపొస్తలుడైన పౌలు సంఘమును శరీరముతో పోల్చి అవయవములకు అన్నిటికిని గౌరవము నిచ్చెను. శరీరమును బాగుచేయువారు ఆ పాఠమును ముందు నేర్వవలెను.

ఈ విలువలు మన మతమువారికి మాత్రమే చెందినవని మీరనుకొనవద్దు. డాక్టరు పుచ్చలపల్లి రామచంద్రారెడ్డిగారిని మన జిల్లావారు మరువలేదు. ఆయన సుందరయ్యగారి తమ్ముడు, మన ప్రాంతమువాడే, కమ్యూనిస్టు. నెల్లూరులో ప్రజావైద్యశాల నడపి, తక్కువ ఖర్చుతో పేదలకు వైద్యము చేసి, గ్రామముల యువకులకు ప్రాథమిక వైద్యము నేర్పి తిరిగి వారి గ్రామములకే పంపెను. చివరి మడి ఎక్కడ ఉన్నదో ఆయనకు తెలియును. సమరయుని కథ చెప్పిన ప్రభువు, గాయపడినవానిని ఎత్తినవాని మతమేదని అడుగలేదు. ఎవడు పొరుగువాడాయెనని మాత్రమే అడిగెను.

చివరి మడి పరీక్షకు ఇప్పుడు తిరిగి వత్తము. 2022లో జాతీయ వైద్య కమిషను ఒక ఏర్పాటు చేసినది. ప్రతి వైద్యవిద్యార్థి గ్రామములో కొన్ని కుటుంబములను దత్తత తీసికొని, తన చదువు కాలములో వారి ఆరోగ్యమును కనిపెట్టవలెను. ఏర్పాటు మంచిది. కాగితముమీద సంతకములుగా మారుటయు సులభమే. ఏది జరుగునో చూడవలసినవారు మన గ్రామములవారు. తెల్లకోటు తొడిగిన పిల్లలు మీ వీధికి వచ్చినప్పుడు వారికి మజ్జిగ ఇయ్యుడు, కూర్చుండబెట్టుడు, మీ యింటి రోగమును దాచక చెప్పుడు. వారు రెండవమారు రానియెడల కళాశాలకు కబురు పంపి అడుగుడు. చివరి మడి రైతు నోరు మూసికొని కూర్చున్నయెడల నీరు ఎన్నడును రాదు.

ఒక కళాశాలను తూచుటకు నేను నాలుగు ప్రశ్నలు చెప్పుదును. అక్కడికి వచ్చిన వారిలో అందరికంటె పేదవాడు తన రోగమేదో తన భాషలో తెలిసికొని తిరిగి పోవుచున్నాడా? పొరపాటు జరిగినప్పుడు దానిని దాచువాడు అక్కడ నిశ్చింతగా ఉన్నాడా, చెప్పువాడు నిశ్చింతగా ఉన్నాడా? బాగుకాని రోగియొద్ద, చనిపోవుచున్నవాని మంచము యొద్ద ఎవరైనను కూర్చుండుచున్నారా? అక్కడ చదివి వెళ్లినవారిలో ఎందరు మరియెవరును పోని చోటికి పోయిరి? ఈ నాలుగింటికిని గోడమీది పలక ఉత్తరమియ్యజాలదు. వార్డులోని రోగి ఇయ్యగలడు.

2020లోను 2021లోను కరోనా వ్యాధి వచ్చినప్పుడు ఆ ఉత్తరమును మనము కన్నులార చూచితిమి. సొంతవారే దగ్గరకు రాలేని రోగుల నోట నీరు పోసిన నర్సులున్నారు. ఆ పనిలో ప్రాణములు విడిచిన వైద్యులున్నారు. వీధి వీధి తిరిగిన ఆశా కార్యకర్తలున్నారు. భయము వారికిని ఉండెను. ఆ దినములలో వారిని నిలిపినది పరీక్షలో వచ్చిన మార్కులు కావు. విద్యతోపాటు ఎవరో ఎక్కడనో, ఒక మంచము ప్రక్కన, వారికి నేర్పిన నడత.

ప్రియ చదువరీ, మీరు తల్లిదండ్రులైనయెడల, ఈ రాత్రి మీ పిల్లతో మాటలాడునప్పుడు ఎన్ని మార్కులని అడిగిన తరువాత, ఈ దినము ఎవరిని చూచితివి, ఆమె పేరేమి అని కూడ అడుగుడు. మీరు విద్యార్థియైనయెడల, మీకు మొదట పాఠము చెప్పిన ఆ పేద శరీరమును జ్ఞాపకముంచుకొనుడు. మీరు సంఘపెద్దయైనయెడల, ఒక పేదపిల్ల నర్సింగు చదువుటకు మీ సంఘము ఏమి భారము మోయగలదో విచారింపుడు. మీరు రోగియైనయెడల, మీరు కళాశాల గడపలో భిక్షకులు కారు. అది మీకొరకే కట్టబడినది.

వర్షములు పడి పెన్నకు నీరు వచ్చును, చెరువు నిండును. నిండిన చెరువును చూచి దేవునికి స్తోత్రము చేయుదము. స్తోత్రము చేసి ఇంటికి పోక, గట్టువెంట నడిచి, కాలువవెంట నడిచి, చివరి మడి తడిసినదో లేదో చూచి వత్తము.